మోషన్స్ కాదు, మూత్రం లెక్కపెట్టండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే బాధ గురించి ఉన్నాయి. పసిపిల్లలకు కడుపులో వైరస్ చేరడం, వాంతులు, మోషన్స్ పట్టుకోవడం. మొదటి ఉత్తరానికే ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. ఆ తల్లి అడిగినవి ఈ జబ్బుతో వచ్చే ప్రతి తల్లీ నన్ను అడిగేవే.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిది నెలలు. పదకొండు రోజుల క్రితం రాత్రి ఉన్నట్టుండి వాంతులు మొదలయ్యాయి. రెండు రోజులు వాంతులు, జ్వరం. అవి తగ్గాయి గానీ మోషన్స్ ఆగలేదు. మొదట్లో రోజుకి పది పన్నెండు అయ్యేవి, ఇప్పుడు ఆరేడు. నీళ్లలా, నురగగా, పుల్లటి వాసనతో వస్తున్నాయి. కింద చర్మం ఎర్రగా కమిలిపోయింది, తుడుస్తుంటే ఏడుస్తున్నాడు. బరువు 8.4 కిలోల నుంచి 8.1కి తగ్గాడు. డాక్టర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లాం. వైరస్ వల్లే, దానంతటదే తగ్గుతుంది, ఓఆర్‌ఎస్, జింక్ ఇవ్వండి అన్నారు. యాంటీబయాటిక్ రాయలేదు, మోషన్స్ ఆగే మందూ రాయలేదు. ఇంట్లో అందరూ పాలు ఆపేయమంటున్నారు. నేను మాత్రం నా పాలే ఇస్తున్నాను, వాటితో పాటు మెత్తటి తిండి పెడుతున్నాను. ప్రతి మోషన్‌నీ టైముతో సహా నోట్‌బుక్‌లో రాస్తున్నాను, ఒక పేజీ ఫొటో తీసి పంపుతున్నాను. రాత్రిళ్లు వాడు కదిలితే చాలు, గుండె దడదడలాడుతోంది. వైరస్ ఇంకా లోపలే ఉందా? నా పాల వల్లే తగ్గట్లేదా? నేనేమైనా తప్పు చేశానా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. మీరు ఏ తప్పూ చేయలేదు. పాలు ఆపకుండా ఉండటమే ఈ పదకొండు రోజుల్లో మీరు చేసిన అన్నిటికంటే మంచి పని.

మీరు పంపిన పేజీ రెండుసార్లు చదివాను. ‘2:10, నీళ్లలా. 3:25, నురగ, ఎక్కువ. 4:00, డైపర్ నుంచి బయటికి వచ్చేసింది.’ ఇలా పేజీ నిండా ఉంది. ఆ మధ్యలో ఒకచోట ‘5:40, కొంచెం. తర్వాత గిన్నె, చెంచా పట్టుకుని వాయించాడు’ అని రాశారు. ఆ పేజీ మొత్తంలో నాకు కావలసిన సమాచారం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిన బిడ్డ గిన్నె వాయించడు. అలా వాలిపోయి పడుకుంటాడు, లేదా ఎంత ఎత్తుకున్నా ఊరుకోకుండా చిరాకుపడతాడు.

కాబట్టి ఈ రోజు నుంచి నోట్‌బుక్ రాసే పద్ధతి మార్చండి. మోషన్స్ లెక్క పక్కన పెట్టి మూడు విషయాలే రాయండి: ఎన్నిసార్లు మూత్రం పోశాడు, ఎంత తాగాడు, ఎలా ఉన్నాడు. మోషన్ నీళ్లలా ఉంటే డైపర్‌లో మూత్రం ఏదో తెలియదు, నిజమే. పగలు కాసేపు డైపర్ తీసేసి మెత్తటి గుడ్డ మీద పడుకోబెడితే తెలుస్తుంది. మూత్రం లేత రంగులో, ఆరేడు గంటలకు మించి ఆగకుండా వస్తోందంటే, లోపలికి వెళ్తున్నది బయటికి పోతున్నదానికి సరిపోతోందని అర్థం. బరువు కూడా చూశాను. 8.4లో 300 గ్రాములంటే నాలుగు శాతం లోపు. పదకొండు రోజుల మోషన్స్ తర్వాత ఇంతే తగ్గాడంటే అది మీ ఓపిక వల్లే. మూడు రోజులకోసారి ఒకే తూకం మీద, బట్టల్లేకుండా తూచండి. రోజూ వద్దు, ఒక మోషన్ అటూ ఇటూ అయితేనే అంకె మారిపోయి ఊరికే టెన్షన్ పెరుగుతుంది.

ఇక మీ అసలు సందేహం. వైరస్ ఇంకా లోపలే ఉందా అంటే, కొద్దిగా ఉండొచ్చు. కానీ ఇప్పుడు మీరు చూస్తున్నది చాలావరకు వైరస్ చేస్తున్న పని కాదు, అది చేసి వెళ్లిన నష్టం. చిన్న పేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డ మీది నూగులాగా సన్నటి మొలకలు ఉంటాయి. తిన్నదాన్నీ తాగినదాన్నీ లోపలికి పీల్చుకునేది అవే. ఈ వైరస్‌లు సరిగ్గా ఆ మొలకల కొసల మీద ఉండే కణాలనే దెబ్బతీస్తాయి. పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను, అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉండేది కూడా ఆ కొసల్లోనే. అందుకే జబ్బు తగ్గాక కూడా కొన్నాళ్లపాటు పాలు పూర్తిగా అరగవు. అరగని చక్కెర పెద్ద పేగులోకి వెళ్లి పులుస్తుంది, నీటిని లాగుతుంది. మీరు రాసిన నురగ, పుల్లటి వాసన, కింద చర్మం కమలడం అన్నీ దాని గుర్తులే. పేగు గోడ మీది కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో కొత్తవి పుడతాయి. అయితే పుట్టిన ప్రతి కణమూ వెంటనే పనిలోకి దిగదు, ముదరాలి. అది కొందరికి వారంలో అయిపోతుంది, కొందరికి రెండు మూడు వారాలు పడుతుంది.

ఏ వైరస్ అన్నదాన్ని బట్టి కూడా రోజులు మారతాయి. నోరోవైరస్ వచ్చినంత వేగంగా రెండు మూడు రోజుల్లో వెళ్లిపోతుంది. రోటావైరస్ వారం దాకా పీడిస్తుంది. దాన్ని 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం జబ్బు పడిన పిల్లల పేగు ముక్కల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కనుక్కుంది. బండిచక్రంలా కనపడటంతో లాటిన్‌లో చక్రం అనే మాటతో ఆ పేరొచ్చింది. అడెనోవైరస్‌లో 40, 41 అనే రకాలున్నాయి, అవి మాత్రం పది రోజులు దాటినా వదలవు. మీ బాబుది ఏదో తెలియకపోయినా మనం చేయాల్సింది మారదు కాబట్టే మీ డాక్టర్ పరీక్షలు రాయలేదనుకుంటాను.

యాంటీబయాటిక్ వైరస్ మీద పని చేయదు. పైగా పేగులోని మంచి బాక్టీరియాను చంపి, అదే ఇంకో నాలుగు రోజుల మోషన్స్‌కి కారణం కావచ్చు. ఇక పెద్దవాళ్లు వేసుకునే మోషన్స్ ఆగే మాత్రలు రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వనే కూడదు. అవి పేగు కదలికను ఆపేస్తాయి. బయటికి రావడం ఆగిందని మనకు అనిపిస్తుంది గానీ నీరంతా పొట్టలోనే నిలిచిపోతుంది, బిడ్డ మగతలోకి జారుతుంది. మీ డాక్టర్ మందు రాయకపోవడాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. రాయకుండా ఉండటానికే ధైర్యం కావాలి, ఎదురుగా కూర్చున్న తల్లి ముఖం చూస్తూ.

పాల సంగతికి వస్తే, మా అమ్మాయికి పది నెలలప్పుడు ఇదే జబ్బు వచ్చింది. అప్పటికే నేను డాక్టర్ని, చిన్నపిల్లల వార్డులో పని చేస్తున్నాను. అయినా ఐదో రోజున ఇంట్లో పెద్దవాళ్ల మాట కాదనలేక, పాలు ఆపి చూద్దామనుకున్నాను. మోషన్స్ నిజంగానే తగ్గాయి. సాయంత్రానికి అందరూ సంతోషించారు. రాత్రంతా అది ఆకలికి నా భుజాన్ని చీకుతూనే ఉంది. తెల్లారి తూకం వేస్తే ఒక్క రోజులో 180 గ్రాములు తగ్గింది. లోపలికి ఏమీ వెళ్లకపోతే బయటికి తక్కువే వస్తుందని, దాన్ని మేము నయం కావడం అనుకున్నామని అప్పుడు అర్థమైంది. పేగు తనను తాను బాగుచేసుకోవడానికి తిండే కావాలి. ఆ తిండిని ఆపేసి బాగుపడమంటే ఎలా బాగుపడుతుంది? ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ నా భుజం బరువెక్కుతుంది.

కాబట్టి మీ పాలు అడిగినప్పుడల్లా ఇవ్వండి. వాటిలోనూ లాక్టోజ్ ఉంది, నిజమే. అయినా వాటితో వెళ్లే రక్షణ, అవి తేలిగ్గా అరిగే తీరు చూస్తే ఆపడానికి కారణం లేదు. ఘనాహారం కూడా మునుపు తినేదే కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టండి. పళ్లరసాలు, తియ్యటి పానీయాలు మాత్రం పూర్తిగా మానేయండి. అరగని పాల చక్కెర చేసే పనే అందులోని చక్కెర కూడా చేస్తుంది, నీటిని పేగులోకి లాగుతుంది. ఇది చదివే డబ్బా పాల తల్లులకు ఒక్క మాట: పాలను నీళ్లతో పలచన చేయకండి. బిడ్డకు శక్తి తగ్గడం తప్ప ఉపయోగం లేదు. నురగ మోషన్స్ రెండు వారాలు దాటి, బరువు పెరగకపోతే డాక్టరే కొన్ని వారాలపాటు లాక్టోజ్ లేని పాలు రాస్తారు. మీ అంతట మీరు మార్చకండి.

కమిలిన చర్మం గురించి అడగలేదు గానీ, వాడి ఏడుపులో సగం అదే. తడి టిష్యూలతో తుడవడం ఆపేయండి. గోరువెచ్చని నీళ్లు ధారగా పోసి కడగండి, రుద్దొద్దు. మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీమ్ చర్మం కనపడనంత మందంగా రాయండి. తర్వాతిసారి మార్చేటప్పుడు పై మురికి మాత్రం కడిగి, కింద మిగిలిన క్రీమ్‌ను గీకకుండా దాని మీదే మళ్లీ రాయండి. ఎరుపు మడతల్లోకి పాకి, అంచుల్లో చిన్న చిన్న పొక్కులు కనపడితే అది ఫంగస్, దానికి వేరే క్రీమ్ కావాలి, డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు జాగ్రత్తగా చదవాల్సిన భాగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 14 రోజులు, అంతకు మించి సాగితే అది మామూలు విరేచనం కాదు, దీర్ఘ విరేచనం. మీకింకా మూడు రోజులుంది. అప్పటికి మోషన్స్ రోజుకి రెండు మూడుకి తగ్గి, కాస్త చిక్కబడితే దారిలో పడినట్టే. తగ్గకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, మోషన్ పరీక్ష గురించి అడగండి. వేరే క్రిమి ఉందా, ఇంకో వైరస్ దీని వెంటే వచ్చిందా, పాల ప్రోటీన్ పడటం లేదా అని చూడాల్సి ఉంటుంది.

ఆ మూడు రోజులు ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. మోషన్‌లో రక్తం, పచ్చటి ఆకురంగు వాంతి, ఉబ్బి గట్టిపడ్డ పొట్ట, లేపినా లేవని మగత, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, నెత్తి మీద మెత్తటి మాడు గుంట పడటం, కళ్లు లోపలికి పోవడం, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే రెండు సెకన్లకు మించి అలాగే నిలబడటం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా అర్ధరాత్రైనా సరే, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంకోటి, బిడ్డ ఉండుండి కాళ్లు పొట్టకేసి ముడుచుకుని కెవ్వున ఏడ్చి, మధ్యలో పాలిపోయి నీరసంగా పడి ఉంటుంటే అది పేగులో పేగు దూరడం కావచ్చు. దానికి గంటలు కూడా ముఖ్యమే.

జింక్ మాత్రం మోషన్స్ తగ్గాయని మధ్యలో ఆపకండి, డాక్టర్ చెప్పినన్ని రోజులూ, పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వాలి. తగ్గాక కనీసం రెండు వారాలు రోజుకి ఒక పూట తిండి ఎక్కువ పెట్టండి. పోయిన 300 గ్రాములూ అప్పుడు తిరిగొస్తాయి.

ప్రశ్న: మా పాపకు ఏడు నెలలు. నిన్నటి నుంచి వాంతులు, మోషన్స్. ఓఆర్‌ఎస్ సీసాలో పోసి ఇస్తే గటగటా తాగి, ఐదు నిమిషాల్లో మొత్తం కక్కేస్తోంది. కడుపులో ఏదీ నిలవట్లేదు. సెలైన్ ఎక్కించాల్సిందేనా?
– ఒక తండ్రి

జవాబు: ముందు సీసా పక్కన పెట్టండి. దాహంతో ఉన్న బిడ్డ సీసా దొరికితే ఆగదు, ఒక్కసారిగా నిండిన పొట్ట తిరగేస్తుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఏమీ ఇవ్వకుండా ఆగండి. తర్వాత పాపను ఒళ్లో కాస్త నిటారుగా కూర్చోబెట్టుకుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, 5 మిల్లీలీటర్ల చెంచాతో రెండు నిమిషాలకు ఒక చెంచా ఇవ్వండి. చెంచాను కింది పెదవి మీద ఆనించి, తనే చప్పరించేదాకా ఆగండి, లోపలికి ఒంపొద్దు. చెంచా ఒప్పుకోకపోతే సూది లేని సిరంజితో బుగ్గ పక్కన చుక్కచుక్కగా వదలండి. పాప ఇంకా కావాలని ఏడుస్తుంది. ఆ ఏడుపు వినలేక మనం నాలుగు చెంచాలు ఒకేసారి ఇస్తాం, అక్కడే చెడుతుంది. లెక్క చూడండి: రెండు నిమిషాలకు ఒక చెంచా అంటే గంటకు 150 మిల్లీలీటర్లు. అంత వయసు బిడ్డకు అది తక్కువేమీ కాదు. గంటసేపు వాంతి లేకపోతే మెల్లగా పెంచండి. ఆ తర్వాత ప్రతి నీళ్ల మోషన్‌కీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు ఇవ్వండి. తల్లిపాలు తాగే పాపైతే మధ్యమధ్యలో పాలూ పట్టించాలి, ఎక్కువసేపు కాకుండా ఎక్కువసార్లు.

పొట్లం మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలో మొత్తం పొడి కలపండి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు అని కంటితో కొలవద్దు. చిక్కనైతే ఉప్పు ఎక్కువై ప్రమాదం, పలచనైతే పని చేయదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. రంగు డబ్బాల్లో ఓఆర్‌ఎస్‌లా కనపడే తియ్యటి పానీయాలు ఉంటాయి, వాటిలో చక్కెర చాలా ఎక్కువ. వైరస్ పేగులోని మొలకల కొసలను దెబ్బతీసినా, ఉప్పునీ చక్కెరనీ జత కలిపి లోపలికి లాక్కునే ద్వారం చాలావరకు పని చేస్తూనే ఉంటుంది, ఆ జతతో పాటే నీరూ వెళ్తుంది. ఓఆర్‌ఎస్‌లో ఉప్పు, గ్లూకోజ్ అనే చక్కెర రెండూ కొలత ప్రకారం ఉండేది అందుకే.

సెలైన్ ఉంటేనే వైద్యం అనే నమ్మకం గురించి ఒక్క మాట చెప్పాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టర్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు పెద్ద పాత్రల్లో ఉంచి, రోగుల పక్కనున్న వాళ్లచేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి పడిపోయాయి. ఆ రోజు వైద్యం చేసింది కప్పు పట్టుకున్న తల్లులు, అన్నదమ్ములు. మీ చేతిలోని చెంచా చేసేదీ అదే పని. చెంచా పద్ధతిలో రెండు మూడు గంటలు ఓపిక పట్టినా ప్రతిసారీ కక్కేస్తుంటే, లేదా పాప తాగలేనంత మగతగా ఉంటే, అప్పుడు సెలైన్ కావాలి, ఆలస్యం చేయకుండా వెళ్లండి.

ప్రశ్న: నా మనవరాలికి ఎనిమిది నెలలు. తొమ్మిది రోజులుగా మోషన్స్. పళ్లొచ్చేటప్పుడు మామూలేనని అన్నాను, కోడలు ఒప్పుకోలేదు. మూడు రోజుల తర్వాత ఐదేళ్ల మనవడికీ వాంతులు పట్టుకున్నాయి, ఇప్పుడు నాకూ కడుపులో తిప్పుతోంది. పాపకు రోటా చుక్కలు వేయించాం కదా, మళ్లీ ఎందుకొచ్చింది? నేను ఎత్తుకోవచ్చా?
– ఒక నానమ్మ

జవాబు: నానమ్మగారూ, పళ్లొచ్చేటప్పుడు చొంగ, చిరాకు, చిగుళ్ల నొప్పి ఉంటాయి. తొమ్మిది రోజుల నీళ్ల మోషన్స్ ఉండవు. పళ్లొచ్చే వయసూ, బిడ్డ చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ ఒకటే కావడంతో మనం రెంటినీ కలిపేశాం. మీ మనవడికి కూడా రావడంతో ఇది అంటుకునేదేనని తేలిపోయింది. ఈ విషయంలో మీ కోడలిది సరైన మాట, ఆ మాట మీ నోటితో ఆమెకు చెప్తే ఈ తొమ్మిది రోజుల అలసట కొంత తీరుతుంది.

రోటా చుక్కలు వృథా కాలేదు. అవి రోటావైరస్ తీవ్రంగా రాకుండా, ఆస్పత్రి పాలు కాకుండా కాపాడతాయి. నోరోవైరస్, అడెనోవైరస్, ఆస్ట్రోవైరస్‌ల మీద వాటి ప్రభావం ఉండదు.

మీకు కడుపులో తిప్పుతున్నన్నాళ్లూ పాపకు తిండి కలపడం, పెట్టడం వేరేవాళ్లకు వదిలేయండి. ఎత్తుకోవాలనిపిస్తే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, ఇరవై లెక్కపెట్టేంతసేపు. సీసాలో దొరికే శానిటైజర్ నోరోవైరస్ మీద సరిగా పని చేయదు, సబ్బూ నీళ్లే కావాలి. డైపర్ మార్చిన ప్రతిసారీ, మార్చిన చోటుతో సహా కడగాలి. వాంతి పడిన నేలను బ్లీచింగ్ కలిపిన నీళ్లతో తుడవాలి. మోషన్స్ ఆగాక కూడా రెండు వారాలపాటు వైరస్ బయటికి వస్తూ ఉండొచ్చు, అందుకే పాప బాగైందని చేతులు కడగడం ఆపొద్దు.

మీ గురించి మీరేమీ అడగలేదు. ఈ వయసులో ఒంట్లో నీరు తగ్గితే తెలియకుండానే కళ్లు తిరిగి పడిపోతారు. పాపకు కలిపిన ఓఆర్‌ఎస్ కాకుండా మీకోసం వేరే పాత్రలో కలుపుకుని, రోజంతా గుక్కగుక్కగా తాగండి. బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే వాంతులున్న రోజుల్లో అవి అలాగే వేసుకోవాలో లేదో మీ డాక్టర్‌ని ఇవాళే ఫోన్ చేసి అడగండి.